రాళ్ళ నడుమ నల్లేరు



నల్లేరుపై బండినడక యను నానుడి మీరెఱుగనిది కాదు. ఆ తీగను హైదరాబాదు నగరమున, చిక్కడపల్లిలోని మా పెరటి రాళ్ళ నడుమ పెంచిన విధమును నేడు మనవిచేసెదను.

హైదరాబాదు రాతిపై వెలసిన నగరము. ఇచ్చటి గ్రానైటు శిలల వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరములు. మాకు చేరువనున్న ఇందిరా పార్కులో శిలోద్యానము కలదు. దానిని జూచి, ఇల్లు కట్టగా మిగిలిన రాళ్ళను పెరటిలో పేర్చితిని. మా యమ్మ చేసెడి నల్లేరు పచ్చడి జ్ఞప్తికి వచ్చి, మా యూరి కంచెనుండి తీగ దెచ్చి నాటితిని. ప్రేమకొలది దినదినమును నీరు పోసితిని. పక్షము తిరుగకమునుపే మొదళ్ళు క్రుళ్ళినవి. మరల ఊరికి బోగా, కంచె యున్నచోట ఇనుపతీగ యున్నది. నల్లేరు జాడయే లేదు.

విచారముతో ఇల్లు చేరి రాళ్ళు సర్దుచుండగా, వెనుక జారిపడిన యొక ముక్క నీరెఱుగకయే వేరు తన్ని యుండెను. అదియే నాకు గురువైనది.

నల్లేరు ద్రాక్షకుటుంబమునకు జెందినది. దాని ఆకులు కొలది, త్వరగా రాలును. నాలుగు పలకల కాడయే నీరు దాచుకొని, ఆహారమును గూడ వండుకొనును. ఎండవేళ తన రంధ్రములను మూసికొని రాత్రివేళ తెఱచును. కావున దానికి కఱవు శత్రువు కాదు, నిలువనీరే శత్రువు.

రెండు మూడు కణుపుల ముక్కలను గోసి, కోతగాయము ఎండువఱకు ఐదాఱు దినములు నీడ నుంచవలెను. చల్క మన్నును ముతక యిసుకను సమముగా గలిపి, మాగిన యెరువు కొంచెము చేర్చి, వాలుగా పేర్చిన రాళ్ళ సందులలో నింపవలెను. తొలకరిలో ఒక కణుపు మంటిలో నుండునట్లు నాటవలెను. మన్ను పూర్తిగా ఎండిన పిదపనే నీరు పోయవలెను. నేలను దాకిన కణుపులు తామే వేళ్ళు తన్నును.

పచ్చికాడ రసము దురద పుట్టించును. లేత కొనలనే, చేతులకు నూనె రాచుకొని కోసి, బాగుగా వేయించి చింతపండుతో నూఱవలెను. వైద్యులు దీనిని అస్థిసంహారమందురు. అయినను ఎముక విఱిగినపుడు పచ్చడిని నమ్మి యింటనుండక వైద్యుని జూడవలెను.

ఆ యొక్క ముక్కనుండి పెరిగిన తీగ నేడు నారాయణగూడలోను అశోక్‌నగరులోను మిత్రుల యిండ్ల జేరినది. మీరు కంచెలు దీసి ఇనుపతీగ వేయించునపుడు, రెండు కణుపులనైన ఏదో రాతిప్రక్క నుంచుడని నా విన్నపము.

సెలవు.