ఆట కూడా వైద్యంలో భాగమే
(3 నుంచి 5 ఏళ్ళ పిల్లల తల్లిదండ్రులకు, తోడుండే పెద్దలకు)

"ఒంట్లో బాగాలేని బిడ్డకు ఆటలేమిటి, పడుకోనివ్వండి" అని పెద్దలు అనడం సహజమే. జ్వరం ఎక్కువగా ఉన్నప్పుడు, ఆయాసపడుతున్నప్పుడు బిడ్డకు విశ్రాంతే కావాలి. కాని జ్వరం దిగి, ముఖం తేటపడిన తరువాత కూడా రోజంతా మంచం మీద ఊరికే కూర్చోబెడితే ఆ బిడ్డకు మిగిలేది భయం, విసుగు, ఏడుపు. అన్నం ముట్టడు, మందు ఉమ్మేస్తాడు, తెల్లబట్టలు కనిపిస్తే చాలు కేకలు పెడతాడు. అదే బిడ్డ ఆటలో పడితే ఈ పనులన్నీ తేలికవుతాయి.

ఇంకొక సంగతి. వార్డులోకి రాగానే మేము చూసే గుర్తులలో ఆట ఒకటి. బొమ్మ కోసం చేయి చాపే బిడ్డ కోలుకుంటున్నాడని అనుకుంటాం. నిన్న ఆడుకున్న బిడ్డ ఈరోజు దేనినీ పట్టించుకోకుండా మగతగా పడి ఉంటే, జ్వరం లేకపోయినా వెంటనే సిస్టర్‌కు చెప్పండి.

బిడ్డ మనసులో ఏముంటుంది?

మూడు, నాలుగేళ్ళ పిల్లలకు జబ్బు ఎందుకు వచ్చిందో తెలియదు. "నేను అల్లరి చేశాను, అందుకే ఇక్కడ పడుకోబెట్టారు" అని చాలామంది అనుకుంటారు. "మాట వినకపోతే సిస్టర్ చేత సూది వేయిస్తా" అని మనం బెదిరిస్తే ఆ అనుమానం నిజమైపోతుంది. సూది మందు కాకుండా శిక్ష అవుతుంది. దయచేసి ఈ ఒక్క మాట మానండి.

మానేసిన పక్కతడపడం మళ్ళీ మొదలు కావచ్చు. వేలు చీకవచ్చు, అమ్మ కొంగు వదలకపోవచ్చు. ఇది మొండితనం కాదు, భయం. తిట్టకండి. చాలామంది పిల్లలలో కొద్ది వారాలలో తగ్గిపోతుంది. ఇంగ్లండులో ఒకప్పుడు ఆసుపత్రులు తల్లులను పిల్లల దగ్గర ఉండనిచ్చేవి కావు. దాని వల్ల పిల్లలు ఎంత కుంగిపోతున్నారో గమనించి, తల్లిదండ్రులను రానివ్వాలని, పిల్లలకు ఆట ఏర్పాట్లు ఉండాలని అక్కడి ప్లాట్ కమిటీ 1959లో సిఫారసు చేసింది. మన దగ్గర అమ్మో అమ్మమ్మో పక్కనే ఉంటారు. ఆ తోడును ఆటగా మార్చడమే మిగిలింది.

సూదికి ముందు బొమ్మకు సూది

పాత చీర ముక్కనో, తువ్వాలునో చుట్టి, రెండు చోట్ల దారం కట్టి గుడ్డబొమ్మ చేయండి. కళ్ళు, నోరు పెన్నుతో గీయండి. "పాపాయికి జ్వరమొచ్చింది, డాక్టరు గారూ చూడండి" అని బిడ్డ చేతికివ్వండి. బిడ్డే నాడి చూస్తాడు, కట్టు కడతాడు, సూదిలేని ఉత్తుత్తి ఇంజక్షన్ ఇస్తాడు. ఎప్పుడూ చేయించుకునే బిడ్డకు తాను చేసే అవకాశం వస్తుంది. భయం అక్కడే సగం తగ్గుతుంది. వాడిన సిరంజి, సూది, దూది మాత్రం ఎప్పుడూ ఆటకు ఇవ్వకండి.

నిజమైన సూది వేసేటప్పుడు "నొప్పి ఉండదు" అని అబద్ధం చెప్పవద్దు. "చీమ కుట్టినట్టుంటుంది, అయిదు లెక్కపెట్టేలోగా అయిపోతుంది" అని చెప్పి, ఒడిలో కూర్చోబెట్టుకుని వేళ్ళు లెక్కపెట్టించండి. మొదటిసారి మోసపోయిన బిడ్డ రెండోసారి నమ్మడు.

అగ్గిపెట్టెల రైలు

విరేచనాలతో వచ్చిన పిల్లలకు ఓ.ఆర్.ఎస్. నీళ్ళు తాగించడం తల్లులకు పెద్ద పరీక్ష. దీనికి ఒక ఆట ఉంది. ఖాళీ అగ్గిపెట్టెలు నాలుగైదు దారంతో వరుసగా కట్టండి. అదే రైలు. విజయవాడలో బయలుదేరింది. ఏలూరు వచ్చింది, ఒక చెంచా. తాడేపల్లిగూడెం, ఒక చెంచా. రాజమండ్రి, సామర్లకోట, తుని, అనకాపల్లి, విశాఖపట్నం. ఒక్కో స్టేషనుకు ఒక్కో చెంచా. మీకు తెలిసిన దారి ఏదైనా సరే, తిరుగు రైలు కూడా వేయవచ్చు. గ్లాసు ఒక్కసారిగా పట్టిస్తే కక్కే బిడ్డకు ఇలా చెంచా చెంచాగా ఇస్తే కడుపులో నిలుస్తుంది. వాంతి అయితే పది నిమిషాలు రైలు ఆపి, మళ్ళీ నెమ్మదిగా నడపండి. ఆపరేషన్ ముందు ఏమీ తాగించవద్దని చెప్పి ఉంటే ఈ ఆట ఆడకండి.

ఊపిరి ఆటలు

నిమోనియా నుంచి కోలుకుంటున్న పిల్లలు గట్టిగా గాలి పీల్చి వదిలితే ఊపిరితిత్తులు బాగా విచ్చుకుంటాయి, కఫం కదులుతుంది. "గట్టిగా ఊపిరి తీయి" అంటే చిన్న బిడ్డకు అర్థం కాదు. "పువ్వు వాసన చూడు, వేడి పాలు ఊదు" అంటే వెంటనే చేస్తాడు. నలుచదరపు కాగితాన్ని నాలుగు మూలల నుంచి మధ్య దాకా సగం కత్తిరించి, ఒక్కో మూల విడిచి ఒక్కో కొస మధ్యకు మడిచి, ఈనెకు గుచ్చితే గాలిమర తయారవుతుంది. ఈనె కొస మీ చేతిలో ఉండాలి. మూడు నాలుగు సార్లు ఊదించి ఆపండి. ఆయాసం తగ్గిందని డాక్టరు చెప్పిన తరువాతే మొదలుపెట్టండి.

ఒక చేత్తో చేసే పనులు

గ్లూకోజు ఎక్కించే చేతిని కదపకుండా రెండో చేత్తో చేయదగినవి ఇవి:

1. బెండకాయ అచ్చులు: బెండకాయను అడ్డంగా కోసి, నీళ్ళలో కలిపిన పసుపులోనో బీట్‌రూట్ రసంలోనో ముంచి పాత కాగితం మీద అద్దితే పువ్వులు పడతాయి.

2. పిండి బొమ్మలు: చపాతీ పిండిలో కాస్త పసుపు, నూనె కలిపి ఇవ్వండి. ఉండలు, పాములు, గిన్నెలు చేస్తారు. ఉప్పు ఎక్కువ కలిపితే నిలవుంటుంది కాని, నోట్లో పెట్టుకుంటే ప్రమాదం. పచ్చిపిండి కూడా తిననివ్వకండి. ఆట అయ్యాక పారేయండి.

3. గీతలు: మూడేళ్ళకు సున్న, నాలుగేళ్ళకు కూడిక గుర్తు, అయిదేళ్ళకు త్రికోణం చూసి గీయగలుగుతారు. కొందరు పిల్లలు కాస్త ముందు వెనుకలుగా నేర్చుకుంటారు. పోల్చి కించపరచకండి.

గ్లూకోజు సూది దగ్గర వాపు, ఎరుపు, నొప్పి కనిపిస్తే ఆట ఆపి సిస్టర్‌ను పిలవండి.

చేతులు కడిగే పాట

పాటకు గొంతు బాగుండాలని లేదు. మీ అమ్మమ్మ పాడిన చందమామ పాటయినా చాలు. చేతులు కడగడం 20 సెకన్లకు తగ్గకూడదు కాబట్టి ఈ చిన్న పాట నెమ్మదిగా రెండుసార్లు పాడించండి:

నీళ్ళు పోద్దాం చేతులకి
సబ్బు రాద్దాం వేళ్ళకి
అరచేయి రుద్దు, వెనకాల రుద్దు
గోళ్ళ సందున మురికి వద్దు
గలగల నీళ్ళు, తెల్లని చేయి
అన్నం ముద్ద నోట్లో వేయి!

తప్పక పాటించవలసిన జాగ్రత్తలు

* చింతగింజలు, పల్లీలు, శనగలు, పూసలు, గవ్వలు, గుండీలు చిన్నపిల్లల చేతికి ఇవ్వకండి. వామనగుంతలు, అచ్చనగాయలు పెద్దయ్యాక నేర్పవచ్చు. ఊదని బెలూను, పగిలిన బెలూను ముక్క గొంతులో అతుక్కుంటే ప్రాణానికే ముప్పు.

* బొమ్మలలోని గుండీ ఆకారపు బ్యాటరీ మింగితే రెండు గంటలలోనే అన్నవాహిక కాలిపోవచ్చు. మింగాడని అనుమానం వచ్చినా వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.

* గొంతులో ఏదైనా అడ్డుపడి బిడ్డ గట్టిగా దగ్గుతుంటే దగ్గనివ్వండి. దగ్గలేక, మాట రాక ఉంటే కేక వేసి సహాయం పిలుస్తూ, బిడ్డను ముందుకు వంచి రెండు భుజాల మధ్య వీపు మీద అరచేతి మడమతో అయిదుసార్లు చరవండి. కనిపించని వస్తువు కోసం గొంతులో వేలు పెట్టకండి, ఇంకా లోపలికి పోతుంది.

* పక్క మంచం బిడ్డతో బొమ్మలు పంచుకునే ముందు సిస్టర్‌ను అడగండి. గట్టి బొమ్మలను సబ్బునీళ్ళతో కడగండి, గుడ్డబొమ్మను ఉతికి ఎండలో వేయండి. కాగితం బొమ్మలు ఎవరివి వారికే.

సెల్‌ఫోన్ సంగతి

ఏడుపు ఆపడానికి ఫోను చేతికివ్వడం తేలికైన దారి. కాని ఫోను చూస్తూ తినే బిడ్డకు ఆకలి తీరింది లేనిది తెలియదు. రెండు నుంచి అయిదేళ్ళ లోపు పిల్లలకు రోజుకు ఒక గంటకు మించకూడదని భారత పిల్లల వైద్యుల సంఘం 2021లో సూచించింది. ఆ గంట కూడా పెద్దలు పక్కన కూర్చుని మాట్లాడుతూ చూపించాలి.

ఇంటికి వెళ్ళిన తరువాత

డిశ్చార్జి రోజున మందుల చీటీతో పాటు, ఎప్పటి నుంచి పరుగులు పెట్టవచ్చో కూడా డాక్టరును అడగండి. మొదట చెమ్మచెక్క, కాగితం పడవలు; బలం వచ్చాక దాగుడుమూతలు, ఒప్పులకుప్ప. ఆరోగ్యంగా ఉన్న మూడు, నాలుగేళ్ళ బిడ్డ రోజు మొత్తం మీద 3 గంటలు ఒళ్ళు కదిలించాలని, 10 నుంచి 13 గంటలు నిద్రపోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. కోలుకున్నాక బిడ్డను అంగన్‌వాడీకి పంపడం మానకండి. అక్కడ ఆటపాటలతోనే చదువు మొదలవుతుంది.

వీటిలో డబ్బు పెట్టి కొనవలసినది ఏదీ లేదు. అగ్గిపెట్టె, గుడ్డముక్క, బెండకాయ, మీ గొంతు ఉంటే చాలు. రోజుకు మూడుసార్లు, పూటకు పదిహేను నిమిషాలు బిడ్డతో ఆడండి. అలసిపోయి ముఖం తిప్పుకుంటే ఆపేయండి. వార్డులో ఏ ఆట ఆడించవచ్చో సందేహం ఉంటే డ్యూటీలో ఉన్న సిస్టర్‌ను మొహమాటపడకుండా అడగండి.