ఇంటివారెరుగని భాషలో ఇల్యా కామిన్‌స్కీ

నల్లసముద్రతీరమందలి ఒడెస్సా నగరమున 1977లో ఒక యూదుకుటుంబమున జన్మించిన కవి ఇల్యా కామిన్‌స్కీకి నాలుగేండ్ల ప్రాయమున గవదబిళ్ళలు రాగా, వైద్యుడు దానిని జలుబని భావించుటచే, ఆ బాలుని వినికిడి చాలవరకు నశించెను. సోవియట్ రాజ్యము విచ్ఛిన్నమైన పిమ్మట యూదద్వేషము ప్రబలుటచే ఆ కుటుంబము 1993లో అమెరికా శరణుజొచ్చి, న్యూయార్క్ రాష్ట్రమందలి రోచెస్టర్‌లో నివాసమేర్పరచుకొనెను. పదునారేండ్లవానికి వినికిడి యంత్రములు లభించినది అచ్చటనే. అంతవరకు జనుల పెదవుల కదలికను బట్టియే మాటను గ్రహించినవాడగుటచేతనే ఆయన కవిత్వమున దృశ్యములంత తీక్ష్ణముగా నున్నవని నాకు తోచును.

మరుసటి యేడు తండ్రి మరణించెను. ఆ శోకమును రష్యన్‌లో వ్రాయుట ఆయనకు అసాధ్యమయ్యెను. తనవారెవ్వరికిని రాని, తనకే సరిగా పట్టుబడని ఆంగ్లమున వ్రాయ నారంభించి, దానిలో ఒక అద్భుతమైన స్వేచ్ఛను కనుగొనెను. వలసవచ్చినవారు క్రొత్తభాషను జీవికకై నేర్చుట సహజము. ఏకాంతమునకై ఆశ్రయించినవారు అరుదు.

న్యాయశాస్త్రము చదివి, పేదలకును వలసదారులకును న్యాయసహాయమొనర్చు సంస్థలలో పనిచేసిన ఈ కవి 2004లో ‘డాన్సింగ్ ఇన్ ఒడెస్సా’ అను కవితాసంపుటిని ప్రకటించెను. తరువాతి కవితాసంపుటికి పదునైదేండ్లు పట్టినది. 2019లో వెలువడిన ఆ ‘డెఫ్ రిపబ్లిక్’ కావ్యమున, సైన్యాక్రాంతమైన వాసెంకా యను కల్పితనగరములో, నలుగురు గుమిగూడిన చోట పెత్యా యను చెవిటిబాలుని ఒక సైనికుడు కాల్చిచంపగా, మరునాటి నుండి ఊరు ఊరంతయు చెవిటిదై సైనికుల ఆజ్ఞలను వినుట మానును. తమలో తాము చేతిసైగలతోనే మాటాడుకొందురు. ఆ సైగల బొమ్మలు పద్యముల నడుమ ముద్రితములైయున్నవి. లోకము జాలిపడు వైకల్యమును దౌష్ట్యమునకు లొంగని పౌరశీలముగా నిలిపిన ఈ కల్పనను సమకాలిక కవిత్వమున మహోన్నతమైన వానిలో ఒకటిగా నేనెంచుదును. అయినను ఆ జనులను ఆయన దేవతలను చేయలేదు. సైనికులు పొరుగువానిని ఈడ్చుకొనిపోవుచుండగా వారే చూచుచు నిలిచియుందురు. ఈ సత్యసంధతయే కావ్యమునకు ప్రాణము. లాస్ ఏంజెలిస్ టైమ్స్ పుస్తక బహుమతి దీనికి లభించినది.

పరుల యిండ్లపై బాంబులు కురియుచుండగా తాము సుఖముగా బ్రదికితిమని ఒప్పుకొను పౌరుల మాటగా సాగు ఆ కావ్యపు తొలి కవితను, 2022లో రష్యా ఉక్రెయిన్‌పై దండెత్తినప్పుడు దేశదేశములవారు మరల మరల చదివికొనిరి. ఆ యేటి యుద్ధము తన పేరును ఇంటింటికి చేర్చిన తరుణమున కామిన్‌స్కీ దృష్టి జన్మభూమియైన ఉక్రెయిన్ కవులపై నిలిచెను. 2023లో కరోలిన్ ఫోర్షేతో కూడి వారి రచనలను ఆంగ్లమున ఒక సంకలనముగా వెలువరించెను.