వాక్యానికి మెరుగుపెట్టిన విలియం జిన్సర్

వాక్యం ఎంత దీర్ఘమైతే భావం అంత గంభీరమవుతుందని భ్రమించేవారు అన్ని భాషలలోనూ ఉన్నారు. ఆ భ్రమను తొలగించడానికి జీవితకాలం కృషిచేసిన అమెరికన్ పాత్రికేయుడు విలియం జిన్సర్.

ఆయన 1922లో న్యూయార్క్ నగరంలో జన్మించారు. లక్కతో వార్నిషులు తయారుచేసే వ్యాపారం ఆ కుటుంబానికి తరతరాలుగా వస్తున్నది. కుమారుడు దానిని స్వీకరించాలని తండ్రి ఆశించారు. కాని రెండవ ప్రపంచ యుద్ధంలో సైనికుడిగా పనిచేసి తిరిగివచ్చిన జిన్సర్, 1946లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ పత్రికలో చేరారు. తండ్రి వారించలేదు, ఆశీర్వదించి పంపారు. సరుకు నాణ్యత విషయంలో రాజీపడని తండ్రి స్వభావమే కుమారుని రచనకు పెట్టుబడి అయింది. ఆ పత్రికలో ఆయన వ్యాసాలు, చలనచిత్ర సమీక్షలు, సంపాదకీయాలు రాశారు. 1959లో ఉద్యోగం విడిచి స్వతంత్ర రచయితగా జీవించారు.

1970వ దశకంలో జిన్సర్ యేల్ విశ్వవిద్యాలయంలో వ్యాసరచన బోధించారు. విద్యార్థుల రచనలలో ప్రయోజనం లేని పదాలను ఆయన కొట్టివేసేవారు కాదు; వాటి చుట్టూ కుండలీకరణాలు గీసేవారు. ఆ పదాలను విడిచి చదివితే అర్థం చెడుతుందో లేదో విద్యార్థులే తేల్చుకోవాలి. మన భాషలోనే చూడండి: ‘వర్షం కురుస్తున్నటువంటి పరిస్థితి నెలకొని ఉన్నది’ అనే వాక్యంలో చెప్పదలచినది ‘వర్షం కురుస్తున్నది’ అని మాత్రమే. మిగిలినదంతా భారమే.

ఈ బోధనానుభవం నుండి 1976లో ‘ఆన్ రైటింగ్ వెల్’ అనే గ్రంథం వెలువడింది. దాని ప్రతులు పది లక్షలకు పైగా అమ్ముడుపోయాయి. తన చిత్తుప్రతిలోని పుటలనే, కొట్టివేతలతో సహా, ఆయన అందులో ముద్రించారు. గురువు తన తప్పులను దాచుకొనకపోవడం ఆ గ్రంథానికి బలం. మంచి రచన ఒక్కసారిగా పుట్టదని, తిరగరాయడమే రచనకు ప్రాణమని పాఠకులకు కళ్ళారా చూపిన పుటలవి.

వృద్ధాప్యంలో నీటికాసుల వ్యాధి వలన జిన్సర్ చూపు కోల్పోయారు. అయినా బోధన మానలేదు. రచయితలు ఆయన ఇంటికి వచ్చి తమ రచనలు చదివి వినిపించేవారు. ఆయన విని సలహాలిచ్చేవారు. 2015లో, 92 సంవత్సరాల వయస్సులో ఆయన మరణించారు.

పుటలు నింపడం రచన కాదు. చదివేవాని కాలాన్ని గౌరవించడం రచయిత మొదటి ధర్మం. జిన్సర్ జీవితం విద్యార్థులకు నేర్పే పాఠం ఇదే.