బార్కస్ జామకాయలు, జీతపు సిపాయిలు

చాంద్రాయణగుట్ట దాటి బార్కస్‌లోకి స్కూటర్ తిప్పితే ముందు కనబడేవి గళ్ల లుంగీలు, ఆ వెంటనే జామకాయల బండ్లు. "చాచా, కిలో ఎంత?" అంటాను. పెద్దాయన ముందు ఒక ముక్క కోసి, ఉప్పుకారం అద్ది నా చేతిలో పెడతాడు. ధర సంగతి తర్వాత.

ఆయన ముత్తాతలు యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి నిజాం కొలువుకు వచ్చిన సిపాయిలు. జనం వాళ్లను చావూష్‌లు అన్నారు. వాళ్లుండే బ్యారక్సే నోళ్లలో నాని బార్కస్ అయింది.

జీతానికి పోరాడిన సిపాయిలు వీళ్లొక్కరే కాదు. జర్మనీలో చక్రవర్తి మాక్సిమిలియన్ కూడగట్టిన లాండ్స్‌నెఖ్ట్ కాల్బలానిదీ కిరాయి బతుకే. పొడవాటి బల్లెం, రంగురంగుల చీలికల బట్టలు, జీతమిచ్చినవాడి పక్షం. జీతం ఆగితే దోపిడీ. 1527లో రోమ్ నగరానికి పట్టిన గతి అదే.

మనవాళ్లలో ఒకాయన కథ మాత్రం నాకు అంతకన్నా వింతగా తోస్తుంది. హైదరాబాద్‌లో జమేదారుగా చేసిన ఉమర్ బిన్ అవద్ అల్ ఖుఐతీ ఇక్కడ కూడబెట్టిన డబ్బు దన్నుతో ఆయన వంశం హద్రమౌత్‌లో రాజ్యమే నిలబెట్టింది. 1967 దాకా ఏలింది కూడా! చార్మినార్ నీడలో తీసుకున్న జీతం, అరేబియా తీరంలో సింహాసనం.

1948 పోలీసు చర్యతో ఇక్కడి కొలువులు పోయాయి. మర్ఫా వాద్యం మిగిలింది. మొన్న మా గల్లీ పెళ్లి బారాత్‌లో ఆ దరువు మొదలవగానే, కాళ్లనొప్పులని కుర్చీలో కూలబడ్డ చాచా లుంగీ ఎగ్గట్టి లేచాడు.