మొదటి లారీ ఎక్కేముందు

హెవీ లైసెన్స్ చేతికొచ్చిందా? ఇక ఎవరి బండి ఎక్కాలో చూసుకోవాలి. వెలుగోడు నుంచి నంద్యాల, ఆళ్లగడ్డ వైపు పోతే లారీ ఓనర్లూ ఉన్నారు, ట్రాన్స్‌పోర్ట్ కంపెనీలూ ఉన్నాయి. జీతం ఎంతని అడిగే ముందు, సీనియర్ డ్రైవర్‌తో కొన్ని ట్రిప్పులు పంపుతారా అని అడగండి. కొత్తవాళ్లను మొదటి వారమే ఒంటరిగా, రాత్రిపూట గిద్దలూరు ఘాట్ ఎక్కించే చోట చేరకండి.

అడ్వాన్స్ తీసుకుంటే ఎంత తీసుకున్నారు, నెలకు ఎంత కోస్తారు అన్నది కాగితం మీద రాయించుకోండి. ఒరిజినల్ లైసెన్స్ మాత్రం ఎవరి దగ్గరా పెట్టొద్దు, జిరాక్స్ చాలు. అది వాళ్ల బీరువాలో ఉంటే, మీరు మానేద్దామన్నా మానలేరు.

ఓవర్‌లోడ్ సంగతీ ముందే తేల్చుకోండి. పట్టుబడితే జరిమానా 20,000 రూపాయలు, ఆపైన ప్రతి అదనపు టన్నుకు 2,000. కేసు డ్రైవర్ మీదా పడొచ్చు. "అందరూ వేసేదే కదా" అన్న ఓనరు ఆ రోజు ఫోన్ ఎత్తకపోవచ్చు.

20 మంది, అంతకు మించి పనిచేసే కంపెనీ అయితే పీఎఫ్ కట్టాలి. ఒకటి రెండు బండ్ల ఓనరు దగ్గరైతే, బండి ఇన్సూరెన్స్‌లో డ్రైవర్‌కు కవర్ ఉందో లేదో పాలసీ చూపించమనండి. పీఎఫ్ లేనివాళ్లు ఈ-శ్రమ్ కార్డు ఉచితంగా తీసుకోవచ్చు.