పాత కంబం మీది చెక్కడం కొత్త కంబానికి: రోటరీ సీఎన్‌సీ మిషనుకు కొన్ని సూచనలు

వేలూరు, గుడియాత్తం వైపు పాత పెంకుటిల్లు కూల్చి మిద్దె కట్టేటప్పుడు, తిన్నె మీది టేకు కంబాలు పాత కలప లెక్కన బండెక్కుతుంటాయి. వాటి మీది తామర రేకులు, తీగలు కూడా వాటితోనే పోతాయి. ఇంట్లో చిన్న సీఎన్‌సీ మిషను, దానికి కర్రను గుండ్రంగా తిప్పే రోటరీ ఉంటే ఆ చెక్కడాన్ని మనమే నిలుపుకోవచ్చు.

ఏ నమూనా పనికొస్తుంది?

అందరి కన్నూ ముందు వేలూరు కోటలోని జలకంఠేశ్వరాలయం కల్యాణ మండపం మీద పడుతుంది. విజయనగర కాలపు ఆ రాతి స్తంభాల మీది యాళులు, గుర్రపు రౌతులు ఈ మిషనుకు లొంగవు. ఉలి ఎప్పుడూ కర్ర నడిమికే చూస్తుంది కనుక గుర్రం పొట్ట కిందికి దూరలేదు. లోతు తక్కువైన రేకుల వరుసలు, తీగలు మాత్రం చక్కగా వస్తాయి. మొదట ఇంటి కంబంతోనే మొదలుపెట్టండి.

స్కాను

కంబాన్ని మెత్తని బ్రష్షుతో దులపండి. ఉప్పు కాగితం వద్దు, అది ఉలి గుర్తులను చెరిపేస్తుంది. నీడలో నిలబెట్టి, చుట్టూ తిరుగుతూ ఒకదాని మీద ఒకటి సగానికి పైగా కలిసేలా 60 నుంచి 80 ఫొటోలు తీయండి. ఫొటోకు కొలత తెలియదు కాబట్టి పక్కన స్కేలు పెట్టాలి. జిడ్డు మెరుపు ఉన్నచోట స్కాను గుంటలు పడుతుంది.

అతుకు లెక్క

కంబానికి మొదలూ చివరా లేదు. అసలు చిక్కు అక్కడే. 80 మి.మీ. వ్యాసం ఉన్న కర్ర చుట్టుకొలత 251.3 మి.మీ. 16 రేకులు కావాలంటే ఒక్కోటి 15.7 మి.మీ. రావాలి. రేకును సుమారుగా 16 మి.మీ. అనుకుంటే చివరి రేకు మొదటి దాని మీదికి ఎక్కుతుంది. 5 మి.మీ. లోతుకు దిగితే అక్కడి చుట్టుకొలత 220 మి.మీ. మాత్రమే, రేకు అడుగున ఎనిమిదో వంతు సన్నబడుతుంది. అందుకే లోతు తక్కువగా ఉంచండి.

మిషను మీద

చాలా చిన్న మిషన్లలో వై మోటారు ప్లగ్గు తీసి రోటరీకి తగిలిస్తారు. కరెంటు ఆపకుండా ఆ ప్లగ్గు ముట్టుకుంటే డ్రైవరు కాలిపోవచ్చు. ఎత్తు సున్నాను కర్ర పైన కాక, తిరిగే ఇరుసు నడిమిన పెట్టండి. పైన పెడితే కర్ర కాస్త వంకరగా ఉన్నా లోతు మారిపోతుంది. చెక్కే ముందు కర్రకు కాగితం చుట్టి, ఉలి చోట పెన్సిలు కట్టి ఒక చుట్టు తిప్పండి. గీత మొదలైన చోటే కలిస్తే లెక్క సరే.

మొదట 6 మి.మీ. ఉలితో అర మి.మీ. మిగిల్చి గరుకుగా తీయండి. తర్వాత 2 మి.మీ. గుండు మొన ఉలితో నునుపు చేయండి. చుట్టుకు 0.2 మి.మీ. చొప్పున జరిగితే 200 మి.మీ. పొడవుకు 1000 చుట్లు పడతాయి. నిమిషానికి 1500 మి.మీ. వేగంతో ఇది దాదాపు 3 గంటల పని. టేకు పొడి గొంతుకు మంచిది కాదు, మాస్కు తప్పనిసరి.

రేకు అంచుల కింద మిషను వదిలేసిన చోట్లను వడ్రంగి చేత ఉలితో దిద్దించండి. ఫైలుతో పాటు ఏ ఊరి ఇల్లు, ఏ కలప, ఎంత వ్యాసం అన్నవి రాసిపెట్టండి. నకలు చేతికొచ్చింది కదా అని పాత కంబాన్ని మాత్రం అమ్మకండి. పొరపాటు జరిగినప్పుడు మళ్లీ కొలవడానికి మనకున్నది అదొక్కటే.