దూరాన ఉన్న డాక్టరు

మానుకోట నుంచి వరంగల్లు ఎంతో దూరం కాదు, రైలున్నది. కాని గూడూరు అవతల తండా నుంచి బయల్దేరే ముసలమ్మకు అది ఒక రోజు కూలి. తోడు వచ్చే కొడుక్కు ఇంకొక రోజు కూలి. తీరా డాక్టరు చూసేది అయిదు నిమిషాలు! రోగి డాక్టరు దగ్గరకు పోయే బదులు, డాక్టరు మాటే రోగి దగ్గరకు వస్తే ఎంత మేలు!

ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. చిత్తూరు జిల్లా అరగొండలోని పల్లె ఆస్పత్రిని ఉపగ్రహం సాయంతో పట్నపు నిపుణులతో కలిపారు. 2000 మార్చిలో హైదరాబాదు వచ్చిన అమెరికా అధ్యక్షుడు క్లింటన్ దాన్ని ప్రారంభించాడు. 2019 నవంబరులో ప్రభుత్వం వారి ‘ఇ-సంజీవని’ వచ్చింది. మరుసటి ఏడు కరోనా రోజుల్లో, మార్చి 25న దూరవైద్యానికి నియమాలు ఏర్పడ్డాయి. ఏప్రిల్‌లో ఇంటి నుంచే డాక్టరుతో మాట్లాడే వీలు కలిగింది.

పని జరిగే తీరు సులువే. పల్లె దవాఖానాలో నర్సమ్మ బి.పి., షుగరు చూస్తుంది. ఎక్కడో ఉన్న డాక్టరు తెరమీద రోగిని పలకరించి, మందుల చీటీ పంపుతాడు.

మా అత్తయ్య ఇది విని, “నాడి పట్టకుంట మందిచ్చే డాక్టరేంది బిడ్డా!” అన్నది. ఆమె మాటా కొట్టిపారేసేది కాదు. తెరమీద నుంచి పొట్ట నొక్కి చూడలేరు గదా! చేత్తో చూడటం అవసరమనిపిస్తే డాక్టరు రమ్మనే తీరాలి. గుండెనొప్పి, పక్షవాతం, పురిటినొప్పులు వస్తే తెర ముందు కూర్చోరాదు. 108కి ఫోను చెయ్యాలి.

అదే అత్తయ్య పదేళ్ల షుగరు కాగితాలు సంచితో సహా వానకు తడిసిపోయాయి. పరీక్షలన్నీ మళ్లీ మొదలు! 2021 సెప్టెంబరులో దేశమంతటికీ వచ్చిన 14 అంకెల ‘ఆభా’ నంబరు ఇటువంటి చిక్కులకే. దానికి జతచేసిన కాగితాలు తడవవు; మన అనుమతి లేనిదే వేరొక డాక్టరుకు చేరవు.

2016లో జిల్లా అయిన మానుకోటకు 2022లో ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది. తెర వచ్చిందని మనుషుల్ని తగ్గిస్తే లాభం లేదు, రెండూ కావాలి.

మీ ఇంట్లో ఫోను వాడటం తెలిసిన పిల్లలున్నారా? సినిమాలు చూసే ఆ ఫోనులోనే పక్కింటి అవ్వకు డాక్టరును చూపించమనండి. ఆమెకు ఒక రోజు కూలి మిగులుతుంది.